రేవుల సంస్కరణము - రుసుముల స్వేచ్ఛ
(సోమాజిగూడలోని యొక పఠనాలయమున నిచ్చిన యుపన్యాసము)



సముద్రమునకు నెంతో దూరమున, సోమాజిగూడలో గూర్చుండి రేవులను గూర్చి మాటాడుట మీలో గొందరికి వింతగా దోచవచ్చును. కాని యిచ్చటికి గొద్ది మైళ్లలోనే, సనత్‌నగరమున, ఇనుప పెట్టెలలో సరకును రైలు బండ్ల కెక్కించు డిపో కలదు. మన నగరమున దయారగు మందులు ఆ పెట్టెలలోనే రేవులకు బోవుచున్నవి. సముద్రము లేని సీమకు రేవు పరాయిది కాదు. అది మన యింటి వీధివాకిలి. ఆ వాకిట గూర్చున్నవాడు పుచ్చుకొను రుసుము మన యింటి ఖర్చులోనిదే.

ఇటీవల నొక మిర్చి వర్తకుడు నాయొద్దకు వచ్చి, రేవు ఖర్చుల పట్టీని నాచేతి కిచ్చి, “వకీలుగారూ, ఈ రుసుము నిర్ణయించిన దెవరు? ఇది యన్యాయమని నాకు దోచినచో నెవరికి మొరపెట్టుకొందును?” అని యడిగెను. పది సంవత్సరముల క్రిందట నయినచో గొద్ది మాటలలో జవాబు చెప్పియుందును. ఆనాడు మాత్రము నాకు రెండు గంటలు పట్టినది. ఆ రెండు గంటల మాటనే నేడు మీకు సంగ్రహముగా మనవిచేసెదను.

కేంద్ర ప్రభుత్వపు టధీనమున నున్న రేవులను ప్రధాన రేవు లందురు. విశాఖపట్టణ మట్టిది. ఇవి 1963 నాటి చట్టము ననుసరించి ట్రస్టు బోర్డుల పాలన నుండెను. 1990 తరువాత ప్రైవేటు పెట్టుబడి వీనిలో బ్రవేశించినది. నీటియొడ్డు ప్రభుత్వముది, క్రేనులును బనియు బ్రైవేటు వారివి, రాబడిలో నొక పాలు రేవునకు జెల్లవలెను. విశాఖలో 2003లో బని కారంభించిన కంటెయినరు టెర్మినల్ ఈ పద్ధతిదే. ఇట్టివారు వసూలుచేయు రుసుములను 1997లో నేర్పడిన టాంప్ అను సంస్థ నిర్ణయించుచుండెను.

ఈ కట్టడిని బ్రైవేటు నిర్వాహకులు చిరకాలము నిరసించిరి. వారి మొర నిష్కారణమైనది కాదు. విశాఖకు దక్షిణమున గొద్ది మైళ్లలో 2009లో గంగవరము రేవు తెరవబడినది. అది రాష్ట్ర ప్రభుత్వపు బరిధిలోనిది గనుక టాంప్ శాసనము దానికి లేదు. ఒకే సముద్రము, ఒకే బొగ్గు. నియమములు మాత్రము రెండు. ఒకడు బేరము కొలది ధర చెప్పవచ్చును. రెండవవాని చేతులు కట్టివేయబడినవి. చేతులు కట్టి మల్లుని గోదాలో దింపుట న్యాయమా?

ఈ వైషమ్యమును దీర్చుటకే 2021లో బార్లమెంటు ప్రధాన రేవుల యధికార సంస్థల చట్టమును జేసినది. ఆ సంవత్సరము నవంబరు 3వ తేదీన నది యమలులోనికి వచ్చెను. ట్రస్టు బోర్డుల స్థానమున నధికార సంస్థలు వెలసినవి. క్రొత్తగా నొప్పందము చేసికొను ప్రైవేటు నిర్వాహకుడు విపణి స్థితిని బట్టి తన రుసుమును దానే నిర్ణయించుకొనవచ్చును. పాత యొప్పందముల వారికిని ఈ పద్ధతిలోనికి మారుటకు 2022లో ద్రోవ యేర్పరుపబడినది.

ఈ సంస్కరణమును నేను ద్రోసిపుచ్చను. కాని విపణి ధర్మముగా నుండవలెనన్న బోటీదారులు పెక్కుమంది యుండవలెను. 2020, 2021 సంవత్సరములలో గంగవరము, కృష్ణపట్టణము రెండును అదానీ సంస్థ చేతిలోనికి బోయినవి. విశాఖ యధికార సంస్థ వేరుగా నున్నది, కాకినాడయు, చెన్నపట్టణమును గలవు. కనుక బోటీ చచ్చినదని నే ననను. కాని పోటీదారుల సంఖ్య తగ్గుచున్న కాలముననే రుసుముల కావలివాడు తొలగెనని మాత్రము గుర్తింపవలెను.

ధర తగ్గించుటయు నొక యాయుధమే. మా వృత్తివాడగు వ. ఉ. చిదంబరం పిళ్లె 1906లో దూత్తుకుడిలో స్వదేశీ యోడల కంపెనీని స్థాపించినప్పుడు, తెల్లవారి కంపెనీ ప్రయాణ రుసుమును దగ్గించి తగ్గించి, తుద కుచితముగా నెక్కించుకొని గొడుగులు గూడ బంచినదని చెప్పుదురు. స్వదేశీ కంపెనీ మూతపడినది. గొడుగు పుచ్చుకొన్నవాడు తరువాత నా కంపెనీ చెప్పిన ధర కే తలవంచవలసి వచ్చును గదా!

అయినచో మరల టాంప్ కావలెనా? అక్కరలేదు. మనవారే చూపిన మార్గ మొకటి కలదు. ఓరుగంటి ప్రభువగు కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున నభయశాసనమును వేయించెను. అంతకు బూర్వపు రాజులు తుపానున జిక్కి యొడ్డుకు గొట్టుకొనివచ్చిన యోడల సరకును దోచుకొనుచుండిరి. గణపతిదేవు డది మాన్పి, ఎగుమతి దిగుమతుల మీద ముప్పదింట నొకవంతు మాత్రమే శుల్కమని నిర్ణయించి, ఆ మాటను శిలమీద జెక్కించెను. ఓడలు వర్తకులవి, లాభనష్టములు వారివి, రేటు మాత్రము దేశవిదేశముల వారందరు నెరుగునది. సముద్రము లేని యోరుగంటి నుండి వచ్చిన రేవు సంస్కరణ మిది!

ఇక నా వర్తకునికి నేను జెప్పిన జవాబు వినుడు. సరకు విశాఖలోని ప్రైవేటు టెర్మినలున నోడ నెక్కినచో, 2021 చట్టము చెప్పిన న్యాయనిర్ణయ బోర్డునకు మొరపెట్టవలెను. దానిపై నప్పీలు సుప్రీముకోర్టునకు. గంగవరమున నెక్కినచో, 2025 ఆగస్టులో బార్లమెంటు చేసిన భారత రేవుల చట్టము ప్రకారము రాష్ట్రము నియమించు వివాద పరిష్కార సంఘమునకు. దానిపై నప్పీలు హైకోర్టునకు. ఇది విని యతడు నవ్వి, “నా సరకు ఖరీదు కంటె దారి ఖర్చే యెక్కువ యగును” అని పట్టీని మడిచి జేబులో బెట్టుకొనెను. ఆ నవ్వు నన్నింకను బాధించుచున్నది.

కావున మనము కోరవలసినవి మూడు. ప్రతి టెర్మినలును దన రుసుము లన్నిటిని, చిల్లర పేర్లతో వేయు వానితో సహా, ముందుగా దెలుగున బ్రకటింపవలెను. పెద్ద వర్తకునికి జాటుగా నిచ్చు తగ్గింపును జిన్నవానికిని జూపవలెను. పాత ట్రస్టు బోర్డులలో సరకు పంపువారికి స్థానముండెను; క్రొత్త సంస్థలలో రైల్వే, కస్టమ్సు, రక్షణశాఖ, ఉద్యోగులు కలరు గాని వర్తకునికై పేరుపెట్టిన పీట లేదు. అది తిరిగి రావలెను. మొర వినువారు విశాఖకు వచ్చి వినవలెను. మొర చెప్పువాడు దూరదేశములకు దిరుగరాదు.

నిర్వాహకునికి స్వేచ్ఛ యిచ్చితిమి, మంచిది. ఆ స్వేచ్ఛకు వెల యీయువాడు మిరప తోటలోని రైతు. అతని కా రేటు చదువుకొను హక్కైన నుండవలదా? గణపతిదేవుడు శిలమీద జెక్కించినదానిని మన మొక కాగితముమీద నైన నచ్చువేయించి యడుగుదము.