పడకగదిలో నెమ్ము



నెమ్ము అనే మాట మనం రెండు చోట్ల వాడతాం. గోడకు నెమ్ము దిగిందంటాం, పసివాడి రొమ్ముకు నెమ్ము చేరిందంటాం. ఆ రెండింటికీ చుట్టరికం లేకపోలేదు. చెమ్మ, బూజు పట్టిన ఇళ్లలో ఉండేవారికి దగ్గు, ఉబ్బసం వంటి బాధలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన సూచనల్లో చెప్పింది. కాబట్టి పడకగది గోడ మీద మచ్చ కేవలం ఇంటి అందానికి సంబంధించిన సంగతి కాదు.

చలికాలంలో మచ్చ కనబడగానే మనం రంగులు వేసే అతన్ని పిలుస్తాం. అతను గీకి, పుట్టీ పెట్టి, రంగు వేసి వెళతాడు. మరుసటేడు మచ్చ మళ్లీ హాజరు! తప్పు రంగుది కాదు. ఆ నీరు ఎక్కణ్ణుంచి వస్తున్నదో ముందు కనుక్కోవాలి. దానికి మూడు దారులున్నాయి.

మొదటిది, నేలలోనుంచి. గోడ అడుగున మొదలై సుమారు మీటరు ఎత్తు దాకా పాకుతుంది. తెల్లగా ఉప్పు పూస్తుంది, గిలాబు పొట్టులా రాలుతుంది. ఆత్మకూరు చుట్టుపక్కల జూరాల కాలువ కింద పారే పొలాలను ఆనుకుని ఇల్లు కట్టుకున్నవారు ముందుగా దీన్ని అనుమానించాలి.

రెండోది, కారడం. స్లాబులో పగులో, స్నానాలగది గోడలో గొట్టమో కారణం. మచ్చ ఒకేచోట ఉండి, అంచు గోధుమరంగు తేలుతుంది. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, మేడమీది ట్యాంకులో నీటిమట్టం గుర్తుపెట్టండి. తెల్లవారి తగ్గిందా, ఎక్కడో గొట్టం కారుతున్నట్టే.

మూడోది, గదిలోని గాలి. చల్లటి నీళ్లు పోసిన స్టీలు చెంబుకు బయట చెమట పడుతుంది, చూశారు కదా! ఇదీ అంతే. 25 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 23 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 15 డిగ్రీలకు చల్లబడితే 13 గ్రాములే మోస్తుంది. మిగిలింది చల్లని గోడ మీద నీరై దిగుతుంది. తలుపులు బిగించుకుని నలుగురు పడుకుంటే వారి ఊపిరి, చెమట నుంచే రాత్రికి సుమారు లీటరు నీరు గాలిలో చేరుతుంది. దానికి తోడు గదిలో ఆరేసిన తడిబట్టలు, వేణ్ణీళ్ల స్నానం ఆవిరి. ఈ చెమ్మ తెల్లవారుజామున ఎక్కువగా ఉండి, మధ్యాహ్నానికి తగ్గుతుంది. ఎండ తగలని ఉత్తరపు గోడ మీద, మూలల్లో, బీరువా వెనుక నల్లచుక్కలుగా బూజు పడుతుంది.

ఏ రకమో తేలకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. మచ్చ ఉన్నచోట గోడను పొడిగుడ్డతో తుడిచి, చపాతీలు చుట్టే అల్యూమినియం కాగితాన్ని జానెడు ముక్క అంటించండి. నాలుగంచులూ టేపుతో మూసేయాలి. రెండు రోజులాగి చూడండి. కాగితం వెనుక తడి ఉంటే నీరు గోడలోనిది. ముందువైపు తడి ఉంటే గదిలోని గాలిది. రెండువైపులా ఉంటే రెండు కారణాలూ ఉన్నట్టే.

గోడలోని నీరైతే మేస్త్రీ పని. గోడ పూర్తిగా ఆరేదాకా రంగు వేయించకండి. గాలిలోని నీరైతే మన చేతుల్లోనే ఉంది. పాలమూరు చలికాలపు పగటి గాలి పొడిగానే ఉంటుంది. ఉదయం పది నుంచి మూడింటిదాకా ఎదురెదురు కిటికీలు తీయండి. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపండి. బట్టలు బయట ఆరేయండి. స్నానమయ్యాక పడకగది వైపు తలుపు మూసి, బయటి కిటికీ తెరవండి. బూజును చీపురుతో దులపకండి, గాలిలోకి లేస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని సబ్బునీటి గుడ్డతో తుడవండి. ఆ వేళకు పిల్లల్ని బయటికి పంపండి.

ఇంకొక్క మాట. గది వేడెక్కుతుందని, గోడ ఆరుతుందని తలుపులు మూసి బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి. దాని పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

కోడలు తడిబట్టలు ఆరేసిందని అత్తగారు, అత్తగారు కిటికీ తీయనివ్వరని కోడలు వాదులాడుకునే ముందు, ఆ కాగితం ముక్క అంటించి చూడండి. అది ఎవరి పక్షమూ వహించదు.