తమ్ముడి పన్ను నొప్పి మాకెందుకు తెలియలేదు?

పెందుర్తి నుంచి మాట్లాడుతున్నాను. మా తమ్ముడికి తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది, మాటలు రావు.

పోయినేడాది వాడు అన్నం మానేసి చెంప మీద కొట్టుకునేవాడు. మొండితనం అనుకున్నాం. నేనైతే కసిరాను కూడా. వారం తర్వాత చూస్తే దవడ పన్ను లోపలిదాకా పుచ్చిపోయింది! ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే, వాడు కుర్చీ ఎక్కలేదని "ఇలాంటి పిల్లల్ని చూడలేమమ్మా" అనేశారు. ఆటోలో వస్తున్నంతసేపూ అమ్మ మాట్లాడలేదు.

పిల్లల పళ్లకి వేరే డాక్టర్లుంటారండి, పీడోడాంటిస్ట్ అంటారు. రుషికొండ గీతం డెంటల్ కాలేజీలో ఆ విభాగం ఉంది. మాకు దొరికిన డాక్టరమ్మ మొదటిరోజు పన్ను ముట్టుకోలేదు. వాడి చేతికి చిన్న అద్దం ఇచ్చి ఆడుకోనిచ్చింది. అమ్మకేమో బ్రష్ చేయడం నేర్పింది. పిల్లాణ్ణి కింద కూర్చోబెట్టి, మనం వెనక మంచం మీద కూర్చుని, తల ఒళ్లో ఆనించుకుని తోమాలి. పేస్ట్ బఠాణీ గింజంత చాలు.

అసలు తప్పు ఇంకోటి. రాత్రి ఫిట్స్ సిరప్ తాగించి అలాగే పడుకోబెట్టేవాళ్లం. చాలా సిరప్‌లలో పంచదార ఉంటుంది. ఇప్పుడు సిరప్ తర్వాతే బ్రష్.

ఖర్చుకి నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా చూడండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్న వాళ్లకి లక్ష రూపాయల వరకు ఇస్తారు. పళ్లకీ కొంత వస్తుంది.

అమ్మకి సలహాలిచ్చే చుట్టాలు బోలెడుమంది. బ్రష్ పట్టుకునేవాళ్లే లేరు. అందుకే రాత్రి డ్యూటీ నేను తీసుకున్నాను. నిన్న పన్నెండు లెక్కపెట్టేదాకా నోరు తెరిచాడు. తర్వాత నా వేలు కొరికాడనుకోండి.