ఒక చిత్రకారిణి, ఆమె శిష్యురాండ్రు



విద్యను తాను గడించుట యొక యెత్తు. ఆ విద్యకు ఒరులకును త్రోవ చూపుట మఱియొక యెత్తు. ఈ రెండును చేసిన యొక ఫ్రెంచి వనితను గూర్చి నేడు మనవి చేసెదను.

అడెలాయీద్ లబీయ్ గియార్ 1749వ సంవత్సరమున పారిస్ నగరములో నొక వర్తకుని యింట జన్మించెను. రాజపోషితమగు నచటి చిత్రకళా పరిషత్తు తన పాఠశాలలో స్త్రీలను చేర్చుకొనకుండెను. సభ్యురాండ్రుగా నలుగురికి మించి స్వీకరింపకుండెను. ఆమె విడిగా గురువుల నాశ్రయించి విద్య నేర్చి, 1783లో ఆ నలుగురిలో నొకతె యయ్యెను.

తాను లోనికి పోయి తలుపు మూసికొనలేదు. పడుచులకు చిత్రలేఖనము గఱపెను. 1785లో తానును, తన వెనుక నిద్దఱు శిష్యురాండ్రును గల నిలువెత్తు పటమును వ్రాసి ప్రదర్శించెను. లూవ్రు రాజభవనమున వసతి వేడగా, పడుచులు వచ్చిపోవుట తగదని యధికారులు నిరాకరించిరి. 1790లో ఆ సంఖ్యానియమమును తొలగింపవలెనని పరిషత్తునందు వాదించెను. రాజసోదరునికై యేండ్ల తరబడి శ్రమించిన పెద్ద పటము 1793లో విప్లవ ప్రభుత్వపు టాజ్ఞచే నాశనమయ్యెను. అయినను కుంచె విడువలేదు. 1795లో లూవ్రునందు వసతి లభించెను.

1803లో ఆమె గతించెను. అయిదేండ్లకు, శిష్యురాలు మారీ గాబ్రియేల్ కాపే తన గురువు శిష్యవర్గము నడుమ పటము వ్రాయుచున్న దృశ్యమును చిత్రించెను.

పెద్దలారా, మీ యింటి బాలిక పలకపై నొక బొమ్మ గీసి చూపినపుడు, ఈ గురుశిష్యులను స్మరింప వేడెదను.