రెట్టింపు లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున రాబోవు కాలమును గూర్చి ముచ్చటించుట ఉచితమే. ఇచట కంప్యూటరు కొనవలెనని కొందరు, వాని శక్తి ఏటేట రెట్టింపగుచుండగా తొందర యేల యని కొందరు తలచుచున్నారు. ఆ రెట్టింపు లెక్కను పరిశీలింతము.

చక్రవడ్డీ మన పల్లెలకు క్రొత్త గాదు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీని ఏటేట అసలులో కలుపుచు పోయినచో, మూడేండ్లు దాటిన కొలది నెలలకే అప్పు రెట్టింపగును. పది రెట్టింపులకు వేయింతలు మించును.

1965లో అమెరికాయందు గార్డన్ మూర్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి లెక్కయే వేసెను. గోరంత సిలికాన్ బిళ్ళపై, అనగా చిప్‌పై, అప్పటికి సుమారు 60 భాగములు ఇముడుచుండెను. అవి ఏటేట రెట్టింపగుట గమనించి, 1975 నాటికి 65,000 కాగలవని ఆయన వ్రాసెను. 1975లో, ఇకమీదట రెట్టింపునకు రెండేండ్లు పట్టునని సవరించెను.

ట్రాన్సిస్టరనగా కాలువ తూము వలె విద్యుత్తును వదలుచు, ఆపుచు నుండునట్టిది. 1971లో ఇంటెల్ సంస్థ చేసిన 4004 అను చిప్‌నందు అట్టివి 2,300. రెండేండ్లకొక రెట్టింపు చొప్పున ఏబదియేండ్లకు లెక్క కట్టినచో 7,700 కోట్లు వచ్చును. 2022లో ఎన్విడియా సంస్థ ప్రకటించిన హెచ్100 చిప్‌నందున్నవి 8,000 కోట్లు!

వేగము సంగతి వేరు. 4004 సెకనుకు 7,40,000 మారులు స్పందించెడిది. 2004 నాటి పెంటియం 4 చిప్ 380 కోట్ల మారులు స్పందించెను. ఆ నడకయే సాగినచో 2023 నాటికి 48,000 కోట్లు దాటవలసినది. ఆ యేటి ఇంటెల్ చిప్‌ల గరిష్ఠ వేగము 600 కోట్లు మాత్రమే.

కారణము వేడి. ట్రాన్సిస్టరు చిన్నదైన కొలది తక్కువ ఓల్టేజి చాలెడిది. అందుచే వేగము పెంచినను వేడి హద్దులోనే యుండెడిది. ఓల్టేజిని మరింత తగ్గించుటకు పూనగా, మూసిన తూము నుండి నీరు కారునట్లు విద్యుత్తు కారసాగినది. అంతట నిర్మాతలు ఒక్కనినే పరుగెత్తించుట మాని, ఒకే చిప్‌లో పలువురు పనివారిని నిలిపిరి.

అప్పు కాగితముపై రెట్టింపగుచునే యుండును. దానిని తీర్పవలసిన పొలము పెరుగదు. కావున రెట్టింపు మాట విన్నపుడు, ఏది రెట్టింపగుచున్నది, ఎంత కాలమునకు, ఏ కారణముచేత అని అడుగుడు. ఆ కారణమున్నంత వరకే లెక్క చెల్లును.

రేపటి యంత్రము మేలైనది కావచ్చును. కాని నేటి విద్యార్థికి ఈ సంవత్సరము మరల రాదు. నేటి అవసరమునకు చాలినదానిని నేడే కొనుట మేలని నా మనవి.