చెప్పకుండా చేసిన పుట్టినరోజు

ఇంటిలోని వారందరికీ తెలిసి, ఎవరి కొరకు చేయుచున్నామో ఆ ఒక్కరికి మాత్రము తెలియకుండా పుట్టినరోజు జరుపుట ఈనాడు ఒక వేడుక. పిల్లల విషయములో ఇది సులభమే. గోడకు నాలుగు బెలూన్లు కనబడితే వారికి అంతకన్న కావలసినది లేదు. మనకంటె వయస్సులో పెద్దవారైన జీవితసహచరునికి అట్టి వేడుక తలపెట్టినప్పుడు మాత్రము కొంత ఆలోచన అవసరము. ఈ సంగతి మేము ఒకసారి తప్పు చేసి నేర్చుకొన్నాము.

మావారు మాకంటె పన్నెండేండ్లు పెద్ద. ఆయనకు యాభై నిండినవని 2014 జూలై 1వ తేదీన నలభైమందిని పిలిచి, దీపములార్పి, తలుపుల వెనుక నిలుచున్నాము. ఆయన బస్సులో నిలబడి వచ్చి, చెమటకు తడిసిన చొక్కాతో, చేతిలో కూరల సంచితో గడపలో అడుగుపెట్టినారు. ఒక్కసారిగా దీపములు వెలిగించి కేకలు వేసినాము. సంచి జారి టమాటాలు గదినిండా దొర్లినవి. అందరూ నవ్వినారు. ఆయనా నవ్వినారు. అందరూ వెళ్ళిన తరువాత, "ఒక్కమాట చెప్పకూడదా? చొక్కా అయినా మార్చుకొనేవాణ్ణి గదా" అన్నారు. కోపముతో అనలేదు. అందువలననే ఆ మాట మా మనస్సులో నిలిచిపోయినది. సంబరము మాది, సంకోచము ఆయనది అయినది.

తరువాత షష్టిపూర్తి వచ్చినది. మన సంవత్సరములకు ప్రభవ మొదలు అక్షయ వరకు అరవై పేర్లు. పుట్టిన సంవత్సరము పేరు మరల వచ్చినప్పుడు దంపతులను పీటలమీద కూర్చుండబెట్టి, హోమము చేయించి, మంగళసూత్రము తిరిగి కట్టించుట ఆచారము. మావారు పుట్టిన విశ్వావసు 2025 ఉగాదితో తిరిగి వచ్చినది. "ఆ హడావుడి నాకు వద్దు" అని ఆయన ముందే తేల్చినారు. ఆయన పీటమీద కూర్చోనిదే జరుగని క్రతువును రహస్యముగా చేయలేము గదా! ఇంటిలో ఒకపూట భోజనముతో సరిపెట్టదలచినాము.

అయితే ఏనాడు? ఆయన ధ్రువపత్రములో 1964 జూలై 1 అని ఉన్నది. అది బడిలో చేర్చునప్పుడు అంచనాగా వేసిన తేదీ. ఆ తరము వారిలో ఎందరికో ఇట్టి తేదీలే ఉన్నవి. అనగా మేము దీపములార్పి కేకలు వేసిన రోజు కూడ ఆయన పుట్టినరోజు కాదు! జాతకములు చూడకుండ జరిగిన పెళ్ళి మాది. ఇరవైయారేండ్లు కాపురము చేసియు అసలు దినమేదో మేము అడుగలేదు.

కోనసీమలోనున్న మా వదినగారికి, అనగా ఆయన అక్కగారికి, ఫోను చేసినాము. ఆమెకు డెబ్బదేండ్లు. క్షణమైన ఆలోచింపక, "వాడు నాగులచవితి మర్నాడు పుట్టాడమ్మా. పుట్టలో పాలుపోసి వచ్చిన చిమ్మిలి ఇంకా డబ్బాలో ఉంది. పురిటిగది బయట కూర్చుని నేనే తిన్నాను" అన్నది.

కార్తిక శుద్ధ పంచమి అన్నమాట. 1965లో అది అక్టోబరు 29న వచ్చినది; 2025లో 26న. చాంద్రమాన సంవత్సరమునకు సుమారు 354 దినములు. ఆ కొరతను అధికమాసములు సరిదిద్దుచుండును. పంతొమ్మిదేండ్లకొకసారి తిథియు తేదీయు దాదాపు కలియును. అందుచే యాభైయేడవయేట దగ్గరైనవి అరవైయవయేట మరల కొద్దిగా ఎడమైనవి. మేము తిథినే ఎంచుకొన్నాము. అది ఆదివారము కూడ.

ఈసారి పిలిచినది అయిదుగురినే. ఆయనకు చక్కెరవ్యాధి కలదు, భోజనవేళ తప్పరాదు. కావున రాత్రి విందు మాని మధ్యాహ్నభోజనము పెట్టుకొన్నాము. కార్తికమాసము గదా, ఉదయము మా అబ్బాయి ఆయనను గుడికి తీసికొని వెళ్ళినాడు. తలస్నానము, మడతవిప్పిన పంచె, కొత్త చొక్కా ఆ వంకతో అమరినవి. వదినగారు పెరటిదారిన వచ్చి వంటయింట చేరినది.

గుడినుండి వచ్చి ఆయన అలవాటు చొప్పున రేడియో పెట్టి వార్తలు వినుచున్నారు. లోపల వదినగారు కందబచ్చలి కూరలో ఆవ కలిపినది. ఆయన రేడియో శబ్దము తగ్గించి, "ఇది అక్కయ్య చేతి కూర వాసనలా ఉందే!" అన్నారు. ఎవరును కేక వేయలేదు. ఆమె చిన్నగిన్నెతో వచ్చి, "నోరు తెరు. చిన్నముక్కేలే, నీకు సుగరుందిగా" అని చిమ్మిలి నోటిలో పెట్టినది.

ఆయన కొంతసేపు మాటలాడలేదు. తరువాత మావైపు తిరిగి, "అమ్మ పోయాక ఈ తిథి ఎవరికీ గుర్తు లేదనుకున్నాను" అన్నారు.

ఆ తిథి జ్ఞాపకమున్నది మా వదినగారొక్కరికే. మేము ఇంకొక రెండేండ్లు ఆలసించి ఉన్నచో ఎవరిని అడిగెడివారము? శ్రోతలలో ఇట్టి వేడుక తలపెట్టిన వారుందురు. అతిథుల పట్టిక వ్రాయుటకు ముందు, మీ ఇంటి పెద్దలు నిజముగా ఏనాడు పుట్టినారో తెలిసినవారిని అడిగి, ఆ తిథిని ఈనాడే ఒక కాగితముపై వ్రాసి ఉంచుకొనుడు. తక్కిన ఏర్పాట్లకు వ్యవధి ఉన్నది.