టీ ఆకులో పురుగుల జాడ

బియ్యంలో పురుగు కనబడితే చేటలో పోసి చెరిగేస్తాం. దాని పేరేమిటని ఎవరం అడగం. కాని పురుగుల లెక్కలు వేయడమే పనిగా పెట్టుకున్నవారున్నారండీ. చీమలు, సాలీళ్ళు, మిడతలు, సీతాకోకచిలుకలు - కాళ్ళకు కీళ్ళుండే వీటన్నిటినీ కలిపి ఆర్థ్రోపోడాలంటారు.

ఒక తోటలో ఇవి ఎన్ని రకాలున్నాయో తెలియాలంటే వలపన్ని పట్టి, భూతద్దం కింద ఒక్కొక్కదాన్నే గుర్తుపట్టాలి. గుర్తుపట్టగల పండితులేమో కొద్దిమంది. 2003లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ గారు, తోటివారితో కలిసి ఒక ఉపాయం చెప్పారు. జీవకణంలో ఉండే డి.ఎన్.ఎ.లో సుమారు 650 అక్షరాల ముక్క ఒకటి జాతిజాతికీ వేరుగా ఉంటుంది. సబ్బు మీద గీతలు చూసి కొట్లో ధర చెప్పినట్టే, ఆ ముక్కను చదివి పురుగు పేరు చెప్పవచ్చునన్నమాట.

అంతకంటె చిత్రం, పురుగే అక్కర లేదు! అది కొరికిన ఆకు మీద దాని జాడ మిగులుతుంది. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంవారు బజారులో అమ్మే టీ, పుదీనా, చామంతి పొట్లాల వంటివి పరీక్షించి, వెయ్యికి పైగా రకాల జాడలు దొరికాయని 2022లో ప్రకటించారు. కప్పు కింద పెట్టేయకండి! పొట్లంలో పురుగులున్నాయని కాదు. ఆకు తోటలో ఉండగా వచ్చిపోయిన చుట్టాల గుర్తులవి.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. జర్మనీలోనే, కాలుష్యం ఎంత చేరిందో చూడడానికని ఏళ్ళ తరబడి చెట్ల ఆకులు కోసి, పొడిచేసి, ద్రవ నత్రజని చల్లదనంలో దాచే భాండాగారం ఉంది. 24 చోట్ల నుంచి సుమారు 30 ఏళ్ళలో చేరిన 312 నమూనాలను ఆ ట్రియర్ వారే చదివించారు. ఒక్కొక్కచోట రకాల సంఖ్య మొత్తం మీద తగ్గలేదు. హమ్మయ్య అనుకుంటాం గదా? పేర్లు చూస్తే పాతవి పోయి కొత్తవి వచ్చాయి. పైగా ఈ చోటుకీ ఆ చోటుకీ ఉండే తేడా తరిగిపోతూ వచ్చింది. ఇంటింటి ఆవకాయా పోయి అందరిళ్ళలోనూ ఒకే కంపెనీ సీసా చేరినట్టు! సీసాలు తగ్గలేదు, రుచులు తగ్గాయి. ఒక్క తోట చూసి వచ్చేస్తే ఈ సంగతి బయటపడేదే కాదు.

అయితే రకాలు చెప్పినంత బాగా ఈ పద్ధతి తలలు లెక్కపెట్టలేదు. జర్మనీలో 63 రక్షిత ప్రాంతాల్లో ఎగిరే కీటకాల బరువు 27 ఏళ్ళలో నూటికి 75 పాళ్ళకు మించి పడిపోయిందని 2017లో తేలింది. అది తేల్చింది మాత్రం డి.ఎన్.ఎ. కాదండీ, గుడారంలాంటి వలా, తక్కెడా.