తూచి పెట్టవలసిన పథ్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



పెద్దలు అపస్మారమనియు, మనము ఇండ్లలో ఫిట్సు అనియు చెప్పుకొను మూర్ఛ మెదడునకు సంబంధించిన వ్యాధి. చరకసంహిత దీనికి ప్రత్యేకాధ్యాయములు కేటాయించి చికిత్స చెప్పినది. మూర్ఛ వచ్చిన బిడ్డను ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. చేతిలో ఇనుప తాళపుచెవులుంచుట వలన ఫలము లేదు. నోట నీరు పోయుట ప్రమాదము. అయిదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

అనేకులకు ఈ వ్యాధి మందులతో అదుపులోనికి వచ్చును. సరిగా ఎన్నుకొని వాడిన రెండు మందులకును లొంగనిచో, దానిని మందులకు లొంగని మూర్ఛ యందురు. అట్టి బిడ్డలకొక ఆహారచికిత్స కలదు.

ఉపవాసమున మూర్ఛలు తగ్గుట వైద్యులెరిగినదే. కాని పసిబిడ్డను ఎన్నాళ్లు పస్తుంచగలము? 1921లో అమెరికాయందలి మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డరు దీనికొక ఉపాయము సూచించెను. అన్నము, సంగటి, బెల్లము మిక్కిలి తగ్గించి, నెయ్యి, వెన్న, నూనె హెచ్చించినచో, కాలేయము క్రొవ్వునుండి కీటోనులను తయారుచేయును. మెదడు చక్కెరకు బదులు వానిని ఇంధనముగా గైకొనును. ఇదియే కీటోజెనిక్ ఆహారము. కట్టుదిట్టమైన పద్ధతిలో 4 గ్రాముల క్రొవ్వునకు, మాంసకృత్తులును పిండిపదార్థములును కలిసి 1 గ్రాము మాత్రమే.

ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దీనికంటె కొంత సడలింపుగల పథ్యమును 102 మంది పిల్లలయందు పరీక్షించి, 2013లో ఫలితములు ప్రకటించిరి. మూడు మాసములకు పథ్యమున్నవారిలో నూటికి 52 మందికి మూర్ఛలు సగమునకు పైగా తగ్గినవి. లేనివారిలో సుమారు 12 మందికే తగ్గినవి.

అయినను, ఎవరును దీనిని ఇంట తమంతట మొదలుపెట్టరాదు. క్రొవ్వును జీర్ణించుకొను శక్తి పుట్టుకతోనే లోపించిన బిడ్డలకిది ప్రాణాంతకము. కావున ముందు రక్తపరీక్షలు వలయును. మూత్రపిండములలో రాళ్లు, మలబద్ధకము, ఎదుగుదల మందగించుట కలుగవచ్చును. వైద్యుడు చెప్పక మందులు మానరాదు. మొదట తిరుపతి రుయాలోని పిల్లల వైద్యులను, స్విమ్స్ నరముల వైద్యులను సంప్రదింపవలెను. మూడు మాసములలో గుణము కనిపించినచో సాధారణముగా రెండేండ్లు కొనసాగింతురు.

ఆ తల్లి ప్రతి ముద్దను త్రాసులో తూచి పెట్టును. పొరుగువారు ముద్దుచేసి ఇచ్చిన బిస్కత్తు, దగ్గునకు పోసిన తీపిమందు, ఆమె శ్రమను వ్యర్థము చేయగలవు. తిరుమల లడ్డు రాని ఇల్లు మన రేణిగుంటలో అరుదు. ఆ బిడ్డ ఇంటికి లడ్డు తీసికొనిపోయినపుడు తల్లి చేతికిండు. బిడ్డ కన్నుల కద్దుకొనిన చాలును. స్వామి కోపింపడు. ఇరుగుపొరుగువారి ఈ నిగ్రహమును ఆ చికిత్సలో భాగమేనని మనవి చేసి విరమించుచున్నాను.